1931 నాటి షాడో వేషం: క్లోకుకు ఏ గుడ్డ, ఎంత గుడ్డ?

పిట్స్‌బర్గ్ వాసి అడిగారు:

ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. నేను అడుగుతున్నది మధుబాబు గారి షాడో గురించి కాదు. ఆయన సి.ఐ.బి. ఏజెంటు వేషానికి ఎవరి సలహా అక్కర్లేదు, ఒంటికి పట్టిన సూటు ఉంటే చాలు. నాకు కావలసింది 1930లలో న్యూయార్కులో పది సెంట్లకు అమ్మిన పల్ప్ పత్రికల, అంటే చవక కాగితం మీద అచ్చేసిన కథల పత్రికల షాడో. భుజాల మీంచి నేల దాకా జారే నల్ల క్లోకు, కళ్ల మీదికి వంగిన టోపీ, చేతికి నిప్పురవ్వలా మెరిసే ఉంగరం, చీకట్లోంచి నవ్వు. ఆ షాడో.

నేనుండేది పిట్స్‌బర్గ్‌లో. ఇక్కడికి దగ్గరలో వేసవిలో పల్ప్‌ఫెస్ట్ జరుగుతుంది. పాత పల్ప్ పత్రికలు సేకరించేవాళ్లు దేశం నలుమూలల నుంచి వస్తారు. అక్కడికి ఈ వేషంలో వెళ్లాలని కోరిక. మళ్లీ అక్టోబరు 31న హాలోవీన్‌కు కూడా అదే పనికిరావాలి. పల్ప్‌ఫెస్ట్‌కు వచ్చేవాళ్లలో ఒక్కొక్కరు షాడో కథలు సంచిక సంఖ్యతో సహా చెప్పగలరు. వాళ్ల ముందు అరకొర వేషంతో నిలబడటం నాకు ఇష్టం లేదు.

అంగట్లో దొరికే క్లోకులు చూశాను. మెరిసే శాటిన్, మోకాళ్ల దాకా పొడవు, మెడ దగ్గర ఒక రిబ్బను. అది వేసుకుంటే ఎవరైనా డ్రాకులా అనే అంటారు. కాబట్టి కుట్టించుకోవాలి. అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టిన చెయ్యి, ఇంట్లో మిషను ఉంది. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. నల్ల సూటు ఒకటి పెళ్లినాటిది, ఇంకా పడుతుంది. ఖర్చు మొత్తం 300 డాలర్లు దాటకూడదని ఇంట్లో హుకుం.

ఏ గుడ్డ కొనాలి? ఎంత కొనాలి? ఎర్ర మఫ్లరు ఉండాలా వద్దా? టోపీ ఎలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పాతకాగితం:

గుడ్డ సంగతి తర్వాత. ముందు ఏ షాడో అన్నది తేల్చుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో కనీసం నలుగురున్నారు.

మొదటివాడికి ఒళ్లే లేదు, గొంతు మాత్రమే. 1930 జులై 31న మొదలైన ఒక రేడియో కార్యక్రమంలో డిటెక్టివ్ కథలు వినిపించే వ్యాఖ్యాత అతను. తమ డిటెక్టివ్ కథల పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి స్ట్రీట్ అండ్ స్మిత్ ప్రచురణ సంస్థ ఆ కార్యక్రమం నడిపింది. తీరా జనం పత్రికల దుకాణాలకు వెళ్లి ఆ నవ్వేవాడి పత్రిక ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. లేని పత్రికను అడుగుతుంటే ఏ వ్యాపారి ఊరుకుంటాడు? 1931 ఏప్రిల్‌లో షాడో పత్రిక తెచ్చేశారు. రాసినవాడు వాల్టర్ గిబ్సన్, మాక్స్‌వెల్ గ్రాంట్ అనే కలం పేరుతో. 1949 దాకా మొత్తం 325 నవలలు వస్తే అందులో 282 ఆయనవే.

వేషం కట్టేవాళ్లు గమనించవలసిన ముచ్చట ఒకటుంది. మొదటి సంచిక ముఖచిత్రం షాడో కోసం గీసింది కాదు. డబ్బు ఆదా చేయడానికి గోదాములో ఉన్న పాత బొమ్మ ఒకటి తీసి వాడేశారు. అందులో ఉన్నది ఒక చైనీయుడు. బొమ్మకు తగ్గట్టు కథలోకి చైనా వాళ్ల పేటను గిబ్సన్ లాక్కురావలసి వచ్చింది. కాబట్టి మొదటి సంచిక చూసి గుడ్డ కత్తిరించకండి.

మీకు కావలసిన రూపం జార్జ్ రోజెన్ ముఖచిత్రాల్లో ఉంది. నల్ల క్లోకు, లోపల ఎర్ర అస్తరు, గద్ద ముక్కు, రెండు కళ్లు. నోటినీ గడ్డాన్నీ కప్పేది ఎక్కువగా క్లోకు పైకెత్తిన కాలరే. మీరడిగిన ఎర్ర మఫ్లరు, విడిగా మెడకు చుట్టుకునేది, తర్వాత కామిక్స్‌లోనూ 1994లో వచ్చిన ఆలెక్ బాల్డ్‌విన్ సినిమాలోనూ స్థిరపడింది. మఫ్లరు కట్టుకుని పల్ప్‌ఫెస్ట్‌కు వెళ్తే ఎవరూ తిట్టరు. కానీ మీరు సినిమా షాడో అవుతారు, పత్రిక షాడో కారు.

ఇంకో విషయం. లోపలి పేజీల్లో ఎడ్ కార్టియర్ వేసిన సిరా బొమ్మలు ముఖచిత్రాల కంటే ఎక్కువ పనికొస్తాయి. ముఖచిత్రం అమ్ముడుపోవడానికి గీసింది, అందుకే ఎరుపు అంత దండిగా ఉంటుంది. సిరా బొమ్మల్లో క్లోకు గాలికి ఎలా విచ్చుకుంటుందో, ఏ మడత ఎక్కడ పడుతుందో గీత గీతగా కనిపిస్తుంది. మీ అమ్మగారికి అవి చూపించండి.

చీరాల అక్క:

పాతకాగితం గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, మఫ్లరు వద్దు. ఇక గుడ్డ దగ్గరికి వద్దాం.

నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఏడాదంతా జాకెట్లు, లంగా ఓణీలు, చీరలకు ఫాల్సు. సెప్టెంబరు వచ్చేసరికి మన పిల్లలు వేషాల కోసం వచ్చి పడతారు. క్లోకులు చాలానే నా చేతి మీదుగా పోయాయి కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటాను.

తమ్ముడూ, ఈ వేషానికి ప్రాణం నలుపు. నలుపులన్నీ ఒకటి కావు. దుకాణంలో దీపాల కింద అన్నీ నల్లగానే ఉంటాయి. బయటికి తెచ్చి ఎండలో పెడితే ఒకటి పచ్చగా కొడుతుంది, ఒకటి ఎర్రగా కొడుతుంది. చిన్న చిన్న ముక్కలు తెప్పించుకోండి, అడిగితే అమ్ముతారు. వాటిని మీ సూటు గుడ్డ పక్కన పెట్టి, గది చీకటి చేసి, ఫోను ఫ్లాష్‌తో ఫొటో తీయండి. పాలిస్టర్ ముక్క ఫొటోలో బూడిద రంగులోకి తిరిగి మెరుస్తుంది. ఉన్ని ముక్క గుంటలా నల్లగా ఉండిపోతుంది. ఎవరి మాటా వినక్కర్లేదు, ఆ ఫొటో చూసి కొనండి. ఉత్సవంలో మిమ్మల్ని ఎవరు ఫొటో తీసినా ఫ్లాష్‌తోనే తీస్తారు కదా.

నా ఓటు పలచని ఉన్నికి. చదరపు మీటరుకు 220 గ్రాముల దగ్గర తూగే ఉన్ని క్రేపు గానీ, వేసవి సూట్లకు వాడే ట్రాపికల్ ఉన్ని గానీ. అంతకంటే మందం అడగకండి. చలికోట్లకు వాడే మెల్టన్ బాగుంటుందని చాలామంది చెబుతారు. అది చదరపు మీటరుకు 600 గ్రాములు కూడా ఉంటుంది. మీకు కావలసిన కొలతకు గుడ్డే మూడు కిలోలు దాటుతుంది. దాన్ని మెడకు వేలాడదీసుకుని ఆగస్టు ఎండలో కారు దగ్గరి నుంచి హాలు దాకా నడిచి చూడండి, షాడో నవ్వు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

ఇప్పుడు కొలత. మీ ఎత్తుకు మెడ నుంచి 50 అంగుళాలు తీసుకుంటే పిక్కల కింద దాకా వస్తుంది. నేల దాకా వద్దు, మెట్లు ఎక్కేటప్పుడు మీ కాలే దాన్ని తొక్కుతుంది. కోటు మీద మెడ చుట్టు 19 అంగుళాలు అనుకుందాం.

అర చక్రం కత్తిరిస్తే మెడ దగ్గర వ్యాసార్ధం 6 అంగుళాలు, మొత్తం 56. అరవై అంగుళాల పన్నా గుడ్డలో మూడు గజాల పైచిలుకుతో అయిపోతుంది. చవక. కానీ చేతులు చాపితే పలకలా నిలబడుతుంది, మడతలు పడవు. సిరా బొమ్మల్లో ఉన్నట్టు విచ్చుకోవాలంటే పూర్తి చక్రమే కావాలి. అప్పుడు మెడ వ్యాసార్ధం 3 అంగుళాలు, మొత్తం 53. రెండు అర చక్రాలు, ఒక్కొక్కటి 108 అంగుళాల పొడవు గుడ్డలో వస్తుంది, అంటే మొత్తం ఆరు గజాలు. అమ్మగారికి అంబ్రెల్లా గౌను కత్తిరింపు అని చెప్పండి చాలు, మిగతాది ఆవిడకు తెలుసు. రెండు ముక్కలనూ వెన్ను మీద కలపాలి. ముందంచులు రెండూ నిలువు పోగు మీద పడతాయి కాబట్టి సాగవు.

కత్తిరించే ముందు గుడ్డ మొత్తానికీ ఆవిరి ఇస్త్రీ పట్టించండి. ఉన్ని ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది.

అస్తరు ఎరుపు. ఇక్కడే డ్రాకులా కాచుకుని ఉంటాడు. నిగనిగలాడే పాలిస్టర్ శాటిన్‌లో లేత ఎరుపు కొన్నారంటే మీరు ఏ టోపీ పెట్టినా అతనే. దానిమ్మ గింజ ఎరుపు చూడండి. క్యూప్రో, అంటే పత్తి పీచు నుంచి తీసిన పట్టులాంటి అస్తరు గుడ్డ దొరికితే మేలు, జారుతుంది, చెమటకు అంటుకోదు. ధర కాస్త ఎక్కువే. అడుగు అంచు దగ్గర మాత్రం లోపలివైపు రెండంగుళాలు నల్ల గుడ్డే మడిచి, ఆ పైన అస్తరు మొదలుపెట్టండి. లేకపోతే నడుస్తుంటే కింద ఎర్ర గీత బయటికి కనిపిస్తూ ఉంటుంది, లంగా అంచు బయటపడినట్టు.

అంచు మడత ఇప్పుడే వేయకండి. పైగుడ్డనూ అస్తరునూ విడివిడిగా మెడ దగ్గర కుట్టి, హ్యాంగరుకు తగిలించి, రెండు రోజులు వదిలేయండి. చక్రం కత్తిరింపులో కొంత భాగం క్రాసులో, అంటే పోగులకు ఏటవాలుగా పడుతుంది. భుజానికీ ముందంచుకూ నడుమ, భుజానికీ వెన్ను కుట్టుకూ నడుమ, అటు రెండు చోట్ల, ఇటు రెండు చోట్ల. తన బరువుకు తానే అక్కడ సాగి కిందికి దిగుతుంది. ఒక్కోసారి అంగుళం దాటి దిగుతుంది. ఆ తర్వాత మిమ్మల్ని బూట్లతో సహా నిలబెట్టి, నేల మీద స్కేలు నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ సుద్దతో గుర్తు పెట్టాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే మీరు బల్ల ఎక్కి నిలబడండి. గుర్తు ప్రకారం కత్తిరించి అప్పుడు మడత. పైగుడ్డ మడత వేరు, అస్తరు మడత వేరు. రెండింటినీ కలిపి కుట్టేస్తే ఒకటి సాగి ఇంకొకటి సాగక అడుగున ఉబ్బులు తేలతాయి. నాలుగైదు చోట్ల అంగుళం పొడవు దారపు గొలుసులతో కలపండి, అంతే.

కాలరు గురించి ఇంకా చెప్పలేదు. పిల్లవాడు బడి నుంచి వచ్చే వేళ అయింది, రాత్రికి రాస్తాను.

నల్లతెర:

విశాఖపట్నం నుంచి. నాకు కుట్టు రాదు, చిన్నపాటి ఇంద్రజాలం తెలుసు. చీరాల అక్కగారి లెక్కలు చూసి నోరు తెరిచాను. కానీ ఉన్ని దగ్గర నాకో అభ్యంతరం.

మా విద్యలో నల్లతెర ప్రయోగం ఒకటుంది. 1880లలో జర్మనీలో మాక్స్ ఆజింగర్ దాన్ని రంగస్థలానికి తెచ్చాడు. వేదిక మొత్తం నల్ల మఖమలు. నల్ల మఖమలు కప్పుకున్న సహాయకుడు దాని ముందు నడుస్తుంటే ప్రేక్షకుడికి కనపడడు. అతను పట్టుకున్న తెల్ల జాడీ మాత్రం గాలిలో తేలుతుంది. ఇందులో మఖమలే ఎందుకంటే దాని నూగు వెలుతురును మింగేస్తుంది. గిబ్సన్ స్వయంగా ఇంద్రజాలికుడు. హుడినీ, థర్‌స్టన్, బ్లాక్‌స్టన్ లాంటి పేరున్న ఇంద్రజాలికులకు వాళ్ల పేర్ల మీద పుస్తకాలు రాసిపెట్టిన మనిషి. గోడ నీడలోకి ఒక అడుగు వేసి మాయమయ్యే మనిషిని ఊహించినప్పుడు ఆయన మనసులో ఈ విద్య లేకుండా ఉంటుందని నేననుకోను. అలాంటి క్లోకుకు నూలు మఖమలు కంటే న్యాయమైన గుడ్డ ఏముంది?

చీరాల అక్క:

నల్లతెర గారూ, వేదిక మీద కదలని తెరకు మీరు చెప్పిందే సరి. ఫ్లాష్ ఫొటోలో కూడా నూలు మఖమలు ఉన్నిని ఓడిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఈయన తెర కాదు, మనిషి. కారులో కూర్చోవాలి. మఖమలు మీద పది నిమిషాలు కూర్చుంటే వెనక నూగు నలిగి అచ్చు పడుతుంది, ఆ అచ్చు మళ్లీ ఆవిరి పట్టే దాకా పోదు. పూర్తి చక్రంలో నూగు ఒక్కోచోట ఒక్కో దిక్కుకు తిరుగుతుంది. ముందు నుంచి చూస్తే ఒక నలుపు, భుజం దగ్గర ఇంకో నలుపు. పైగా ఊళ్లో ఉన్న దూదిపీచూ వెంట్రుకలూ అన్నీ దానికే.

ఇంతకీ నాకు బలమైన సాక్ష్యం మీ కథల్లోనే దొరికింది. మా ఇంటాయన దగ్గర పునర్ముద్రణలు కొన్ని ఉంటే నిన్న తిరగేశాను. షాడో క్లోకునూ టోపీనీ బ్రీఫ్‌కేసులో పెట్టుకుని తిరుగుతాడు. కారు సీటు కింద సొరుగులోంచి తీసి వేసుకుంటాడు. ఆరు గజాల మఖమలు ఏ బ్రీఫ్‌కేసులో పడుతుంది? పట్టినా బయటికి తీసినప్పుడు ఎలా ఉంటుంది? ఉన్ని క్రేపు అయితే చేత్తో దులిపితే చాలు, మడత విడిపోతుంది. గిబ్సన్ గారికి గుడ్డల గురించి ఏం తెలుసో నాకు తెలియదు గానీ, అది ఉన్నే అయి ఉండాలి.

కాలరు మాత్రం మీకోసం మఖమలుతో వేద్దాం, లోపలివైపు. బుగ్గలకు గరుకు తగలదు.

ఇక ఆ కాలరు. నోరు కప్పాలంటే వెనక ఐదున్నర అంగుళాల ఎత్తు ఉండాలి, ముందుకు వచ్చేసరికి ఆరు. అతికించే బక్రం వాడకండి. ఆవిరికీ చెమటకూ బుడగలు లేస్తుంది. కోట్ల కాలర్లలో వేసే గుర్రపు వెంట్రుకల కాన్వాసు ముక్క తెచ్చుకోండి. కాలరును వంచి చేతి మీద చుట్టి పట్టుకుని, ఆ వంపులోనే కాన్వాసును పైగుడ్డకు చిన్న చిన్న వాలు కుట్లతో కుట్టాలి. పైకి సూది ఒక్క పోగునే పట్టాలి, కుట్టు కనపడకూడదు. వంచి కుట్టినది ఎప్పటికీ ఆ వంపును మరచిపోదు. ఎత్తితే నిలుస్తుంది, దించితే భుజాల మీద బుద్ధిగా పడుకుంటుంది. పల్చగా కుట్టుకుంటూ పోతే ఒక సాయంత్రం పని, టీవీ చూస్తూ చేయవచ్చు.

బరువు సంగతి. గుడ్డా అస్తరూ కలిపి ఒకటిన్నర కిలో దాటుతుంది. అదంతా గొంతు దగ్గర హుక్కు మీద వేలాడితే గంటలో మెడ మీద గీత పడుతుంది. లోపల భుజాల దగ్గర రెండు వెడల్పాటి నాడాలు కుట్టండి. అవి చంకల కింద నుంచి వెనక్కి వెళ్లి వీపు మీద కట్టుకోవాలి. అప్పుడు బరువు భుజాలు మోస్తాయి, గొంతు హుక్కు అలంకారానికే. క్లోకు రెండు రెక్కలూ వెనక్కి విసిరినా మీద నుంచి జారదు.

తెరవెనుక:

హైదరాబాదులో నాటకాలకు మేకప్ చేస్తాను. గుడ్డ గురించి ఇక మాట్లాడటానికి ఏమీ మిగలలేదు. టోపీ, ముఖం గురించి నాలుగు మాటలు.

టోపీకి వెడల్పు ముఖ్యం. మామూలు ఫెడోరా అంచు రెండున్నర అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, అది కళ్లను కప్పదు. మూడు నుంచి మూడున్నర అంగుళాల అంచున్నది చూడండి. కుందేలు బొచ్చు ఫెల్టు మేలు రకం, కానీ మీ 300 డాలర్లలో అది పట్టదు. ఉన్ని ఫెల్టు చాలు, వానలో తడవనివ్వకండి, ముడుచుకుపోతుంది. తల చుట్టు 58 సెంటీమీటర్లు ఉంటే అక్కడి లెక్కలో ఏడుంపావు సైజు. కొత్త టోపీ అంచు బిగుసుగా ఉంటుంది. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి మూత కొద్దిగా తీసి, ఆ ఆవిరిలో ముందు అంచును పట్టండి. మెత్తబడగానే రెండు చేతులతో కిందికి వంచి, చల్లారే దాకా వదలకండి. కనుబొమలు పూర్తిగా మూసుకోవాలి, కళ్లు సగం. అద్దంలో కాదు, ఇంకొకరిని ఎదురుగా నిలబెట్టి చూసుకోండి. అద్దం ముందు మనకు తెలియకుండానే గడ్డం ఎత్తుతాం.

ముక్కు దగ్గర ఆశ పెట్టుకోకండి. మైనపు పుట్టీతో గద్ద ముక్కు చేయవచ్చు, మా వేదిక మీద చేస్తాం, కానీ అది రెండు గంటల వ్యవహారం. చెమటకు అంచులు లేస్తాయి. దగ్గరి నుంచి ఫొటోలు తీసేచోట అసలు పనికిరాదు. టోపీకీ కాలరుకూ నడుమ కనిపించేది కళ్లూ ముక్కు దూలమే. దూలం మీద సన్నగా లేత రంగు గీత, రెండు పక్కలా ముదురు గోధుమ నీడ, కళ్ల కింద కాస్త బూడిద రంగు. మూడడుగుల దూరం నుంచి అది గద్ద ముక్కే.

పిట్స్‌బర్గ్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. అమ్మకు అన్నీ చదివి వినిపించాను. వీపు మీద నాడాల మాట రాగానే, ఆవిడెవరో పని తెలిసిన మనిషి అన్నారు. వాలు కుట్ల దగ్గర మాత్రం టీవీ చూస్తూ కుట్టడం తన వల్ల కాదట, సీరియల్ మీదే ధ్యాస పోతుందట.

రెండు సందేహాలు మిగిలాయి. షాడో నల్ల చేతి తొడుగులు వేసుకుంటాడు. ఉంగరం ఎడమ చేతి ఉంగరం వేలికి ఉంటుంది. తొడుగు వేసుకుంటే ఉంగరం ఎలా కనపడుతుంది? తొడుగు పైన పెట్టుకోవచ్చా? రెండోది పిస్టళ్లు. ప్లాస్టిక్‌వి రెండు కొందామనుకుంటున్నాను.

పాతకాగితం:

తొడుగు పైన ఉంగరం వద్దు, రాజుల వేషంలా ఉంటుంది. కథల్లో దీనికి జవాబు ఉంది. బయట పనిలో ఉన్నప్పుడు తొడుగులుంటాయి. తన రహస్య గదిలో, నీలి దీపం కింద మెరిసే బల్ల ముందు కూర్చున్నప్పుడు తెల్లని చేతులు రెండు వెలుగులోకి వస్తాయి, ఎడమ చేతికి గిరసోల్ రాయి రంగులు మారుతూ మెరుస్తుంది. ముఖం కనపడదు, చేతులే. మీరు ఎడమ తొడుగు తీసి కుడి చేత్తో పట్టుకోండి. ఎవరైనా ఫొటో అడిగినప్పుడు ఎడమ చెయ్యి కాలరు దాకా ఎత్తండి. తెలిసినవాళ్లు ముందు ఆ ఉంగరమే చూస్తారు.

గిరసోల్ అంటే ఒపల్ జాతి రాయి. అసలుది కొనక్కర్లేదు. నగల సామాను అమ్మేచోట 18 మిల్లీమీటర్ల పొడవు, 13 వెడల్పున్న కోలగా ఉండే గాజు రాళ్లు దొరుకుతాయి. వెనకవైపు చదునుగా ఉంటుంది. అక్కడ కోణాన్ని బట్టి రంగు మారే గోళ్ల రంగు ఒక పూత, ఆరాక ముదురు ఎరుపు ఒక పూత, దానిపైన నలుపు. ముందు నుంచి చూస్తే గాజు లోపల నిప్పు కదులుతున్నట్టుంటుంది. అదే కొలతకు ఖాళీ ఉంగరపు దిమ్మ కొని అతికించండి. పది పన్నెండు డాలర్లలో ముగుస్తుంది.

పిస్టళ్ల మాట వచ్చింది కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. అమెరికాలో అమ్మే బొమ్మ పిస్టలుకు గొట్టం కొసన నారింజ రంగు మూత ఉండాలని అక్కడి చట్టం. దాన్ని తీసేసి నల్ల రంగు వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. హాలు లోపల నిర్వాహకులను ముందే అడగండి, వాళ్ల నియమం ఏదైతే అదే. హాలోవీన్ రాత్రి వీధిలో మాత్రం ముఖం కప్పుకుని, నల్ల క్లోకు కింద నుంచి రెండు పిస్టళ్లు తీసే మన దేశపు మనిషి, ఎంత బొమ్మవైనా సరే, వద్దు. పక్కింటివాళ్లకు గిబ్సన్ తెలియదు.

వాటి బదులు ఎవరికీ తట్టనిది ఒకటి చెబుతాను. షాడో నిలువు గోడలు ఎక్కేది రబ్బరు కప్పులతో, చేతులకూ కాళ్లకూ తగిలించుకుని. కథల్లో ఆ కప్పులు గోడకు అతుక్కుని ఊడే చప్పుడు కూడా రాస్తాడు. అద్దాలు ఎత్తడానికి వాడే చిన్న రబ్బరు కప్పులు రెండు కొని, నల్ల తాడుతో నడుముకు వేలాడదీయండి. సినిమా మాత్రమే చూసినవాళ్లు అవేమిటని అడుగుతారు. చదివినవాళ్లు మీ భుజం తడతారు.

నల్లతెర:

పిస్టళ్లు వద్దన్నది నాకూ సబబుగానే ఉంది. మఖమలు విషయంలో ఓటమి ఒప్పుకోవడం లేదు, కాలరు లోపలివైపు దక్కింది కాబట్టి ఊరుకుంటున్నాను. ఒక్క చిట్కా. మాయం కావడం గుడ్డ వల్ల కాదు, వెలుతురు ఎక్కడుందో తెలియడం వల్ల. మీ వెనక గోడ తెల్లగా ఉంటే ఏ నలుపూ పనిచేయదు. ఫొటోకు నిలబడేటప్పుడు తలుపు సందు గానీ చీకటి నడవా గానీ వెనక ఉండేలా చూసుకోండి. దీపం పక్క నుంచి పడాలి. ముందు ఎర్ర అస్తరు అంచు కనిపించాలి, తర్వాత కళ్లు, మనిషి ఆ తర్వాత.

చీరాల అక్క:

తమ్ముడూ, ఖర్చు లెక్క వేశాను. ఉన్ని గజం 20 డాలర్ల లోపు దొరికితే ఆరు గజాలు 120. అస్తరూ ఆరు గజాలే, 60 దాకా. టోపీ 50. తొడుగులు, ఉంగరం, కాన్వాసు, మఖమలు ముక్క, దారం అన్నీ కలిపి ఇంకో 50. మీ ఇంటి హుకుం దాటలేదు. సూటు ఎలాగూ ఉంది. కథల్లో కూడా అతను విందుకు వేసుకున్న సూటు మీదే క్లోకు కప్పుకుంటాడు కాబట్టి దానికి పేరు పెట్టేవాళ్లుండరు.

ఆరు గజాలూ ఒకే తాను నుంచి కోయమని చెప్పండి. మూడు ఒకసారి, మూడు ఇంకోసారి తెప్పిస్తే అద్దకం తేడా వస్తుంది, వెన్ను కుట్టుకు ఇటో నలుపు, అటో నలుపు. చినుకులు పడే రోజున టోపీని సంచిలో పెట్టుకోండి.

గుడ్డ చేతికి వచ్చాక, మెడ కొలత నేను అనుకున్న 19 పెట్టి కత్తిరించకండి. చొక్కా, కోటు వేసుకుని, కోటు కాలరు పైనుంచి టేపు చుట్టి, రెండు వేళ్లు పట్టేంత వదులుతో తీయండి. భుజం నుంచి భుజానికి వెడల్పు కూడా కోటు మీదే తీయించండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాస్తే కాలరు కాగితం నమూనా గీసి పెడతాను. అమ్మగారి మిషను ఏ రకమో కూడా చెప్పండి. పలచని ఉన్నికి ఏ నంబరు సూది వేయాలో దాన్ని బట్టి చెబుతాను.